మార్త తీగ

వెంకటరావమ్మ పట్టకారు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మెట్ల పక్కన, రెండు వాటాలకూ మధ్యనున్న గోడ మొదట్లో, తీగ పాదులో అది మళ్ళీ ఉంది. బోర్లించిన కొబ్బరి చిప్ప. చుట్టూ ఒత్తుగా పరిచిన పీచు. పీచు కొసలకు కుంకుమ.

నిన్న తీసి పారేసింది. మొన్నా తీసి పారేసింది. ఎవరో మళ్ళీ తెచ్చి పెట్టారు. అదీ ఊరికే విసిరేసినట్టు కాదు, గుండ్రంగా, ఓపిగ్గా, ముగ్గు వేసినట్టు.

చేత్తో ముట్టుకోలేదు. పట్టకారుతో చిప్పను, పీచును తీసి పాత కవరులో వేసింది. వీధి చివర కరెంటు స్తంభం దాకా నడిచి అక్కడ పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చింది. దిష్టి తీసినవి పారేసి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు. తను తీయని దిష్టికి కూడా అదే నియమమా అన్న అనుమానం వచ్చింది కానీ అడగడానికి ఎవరూ లేరు. కాళ్ళు కడుక్కుని, చెంబులో పసుపు కలిపి పాదు చుట్టూ చల్లింది. తర్వాత చీపురు పుచ్చుకుని ఎండుటాకు ఒక్కటి లేకుండా, మట్టి నున్నగా అరచేతిలా కనిపించేదాకా ఊడ్చింది.

ఆ తీగ పేరు క్లెమటిస్. ఆ మాటకు వెంకటరావమ్మ నోరు తిరగదు. మార్త తీగ అంటుంది. పక్క వాటాలో ఇరవయ్యేళ్ళకు దగ్గరగా అద్దెకున్న మార్త, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఊటీ దగ్గరి కూనూరు వెళ్ళినప్పుడు టీ గ్లాసులో మట్టి పోసి తెచ్చిన మొక్క. బెజవాడ ఎండకు అది ఒక్క వేసవి కూడా ఆగదన్నారు అందరూ. ఆగింది. మెట్ల గ్రిల్లు పట్టుకుని డాబా పిట్టగోడ దాకా పాకింది. వానలు వెనకబట్టాక నాలుగేసి రేకుల తెల్లటి పూలు ఆకు కనిపించకుండా పూస్తాయి. సాయంత్రానికి మెట్లంతా బాదం పాలు కాచినట్టు వాసన. మొన్న చలికాలంలో మార్త తన కూతురు కృప దగ్గరికి గన్నవరం వెళ్ళిపోయింది. తీగ చుట్టూ పెట్టుకున్న పుదీనా తొట్లూ, కరివేపాకు కుండీ ట్రాలీ ఆటో ఎక్కాయి. తీగ ఎక్కలేదు.

ఇప్పుడు దాని చిగుళ్ళు తలలు వేలాడేశాయి. మధ్యాహ్నం వాడినా పొద్దున్నకు తేరుకునే తీగ, ఈ వారం పొద్దున కూడా తేరుకోవడం లేదు.

పక్క వాటా తలుపు తెరుచుకుంది. మార్త ఖాళీ చేశాక అందులో దిగిన ప్రత్యూష, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చింది. ముందు తీగ పాదు వైపు చూసింది. ఆ తర్వాతే వెంకటరావమ్మ వైపు చూసింది.

ఆ వరస వెంకటరావమ్మ గమనించింది.

"అప్పుడే ఊడ్చేశారా మామ్మగారూ?"

"ఊడవకపోతే ఎలా అమ్మాయ్? ఎక్కడెక్కడి చెత్తా ఇక్కడికే వస్తోంది."

ప్రత్యూష గడప మీద నిలబడి కాలి బొటనవేలితో నేలను రాసింది. "మొదట్లో కాస్త ఏదైనా కప్పి ఉంచితే మంచిదేమోనండీ. ఎండలు మరీ ముదిరిపోయాయి కదా."

"కప్పడమంటే?"

"అంటే... ఏదో ఒకటి."

"నాకు తెలుసులే," అంది వెంకటరావమ్మ.

ఆ రోజు ఆమె చీరలకు గంజి పెట్టుకునే రోజు. భర్త సాంబమూర్తి బట్టల కొట్టు నడిపిన రోజుల నుంచీ ఆమె కట్టేది మంగళగిరి నూలు చీరే. గంజి పలచగా కాచి, గుడ్డలో వడకట్టి, చీర ముంచి పిండి, డాబా మీద ఆరేసింది. కాస్త తడి ఉండగానే తెచ్చి కొసలు పట్టి లాగాలి. లేకపోతే అంచు ముడుచుకుపోతుంది. ఆ పని ఒక్కరివల్ల కాదు. ఒకప్పుడు రెండో కొస మార్త పట్టేది. ఇప్పుడు పిలవకుండానే ప్రత్యూష వచ్చి పట్టుకుంది.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి లాగారు. చీర మధ్యలో టపటపలాడింది. వెంకటరావమ్మ అమ్మాయి చేతుల వైపే చూస్తోంది. కుడి చేతి గోళ్ళ కింద మట్టి. మొక్క ఒక్కటి కూడా పెంచని ఇంట్లో మనిషికి గోళ్ళలో మట్టి ఎందుకుంటుంది?

"గట్టిగా పట్టుకో. జారుతోంది."

"పట్టుకున్నానండీ. మీరే ఇవాళ వదులుగా పట్టుకున్నారు," అని నవ్వింది ప్రత్యూష.

వెంకటరావమ్మ నవ్వలేదు.

గురువారం పొద్దున పాదులో పీచుతో పాటు కుండ పెంకులు కూడా ఉన్నాయి. పగిలిన కుండ పెంకు అంటే వెంకటరావమ్మకు గుర్తొచ్చేది ఒక్కటే చోటు. ఆమె పట్టకారు కింద పడేసి గేటు పట్టుకుని నిలబడింది. ఎదురింటి సంపూర్ణమ్మ పాల ప్యాకెట్లు ఊపుకుంటూ వస్తూ ఆగింది.

"ఏంటి పిన్నిగారూ, అలా ఉన్నారు?"

ఈ మాట ఎవరితోనూ అనకూడదని అనుకుంటూనే వెంకటరావమ్మ అంతా చెప్పేసింది. సంపూర్ణమ్మ గేటు బయటి నుంచే మెడ చాచి చూసింది. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

"కుంకుమ కూడానా?"

"చూస్తున్నావుగా."

"ఆ పిల్లకి పెళ్ళయి నాలుగేళ్ళయిందంట. ఇంకా ఏం లేదంట." సంపూర్ణమ్మ గొంతు తగ్గించింది. "పచ్చటి తీగ మొదట్లో పెడితే ఆ పచ్చదనం వీళ్ళింటికి మళ్ళుతుందని మా అత్తగారి ఊళ్ళో అనేవాళ్ళు. ఆ తీగ మాత్రం మాడిపోతుంది. నేను చెప్పానని అనకండి."

"ఛ, చదువుకున్న పిల్ల."

"చదువుకున్నవాళ్ళే ఇప్పుడు ఫోన్లో చూసి మరీ చేస్తున్నారండీ. మీరు పాత కాలంలో ఉన్నారు."

వెంకటరావమ్మ పెంకులు ఏరింది. ఈసారి ఊడ్చాక పాదు మీద వంగి చూసింది. కింద నుంచి రెండు మూరల పైన ఒక కాడ నల్లబడింది. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళేసరికి మెట్ల పొడుగునా ఆకులు ఉడికించిన తోటకూరలా వేలాడుతున్నాయి. పడమటి ఎండ నేరుగా గోడ మొదట్లో పడుతోంది. సిమెంటు చేసిన వాకిలి కాళ్ళు పెట్టనివ్వడం లేదు. ఆమె బిందెతో నీళ్ళు తెచ్చి పోసింది. నీళ్ళు చుయ్‌మని ఇంకిపోయాయి.

సాయంత్రం మార్త ఫోను చేసింది.

"మట్టల ఆదివారం గుడికి అక్కడికే వస్తున్నా వదినగారూ. కృప బస్సు ఎక్కిస్తానంది. ప్రార్థన అయ్యాక మీ ఇంటికే. మజ్జిగ పులుసు చెయ్యండి, అన్నం అక్కడే."

"రా, రా. నాకు చెప్పాలా?"

"నా తీగ ఎలా ఉంది?"

వెంకటరావమ్మ కిటికీలోంచి చూసింది. "బాగుంది."

"చిగుళ్ళు పిట్టగోడ దాటాయా?"

"దాటాయి."

"ఆ పిల్ల బాగుందా? ప్రత్యూష?"

వెంకటరావమ్మ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది. "దాని సంగతి నీకెందుకు?"

"ఊరికేనండీ. మంచి పిల్ల."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆమె మంచం అంచున కూర్చుంది. బాగుంది అని ఎందుకన్నానో ఆమెకే తెలియలేదు. మార్త ఈ ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళింది ఆ తీగ ఒక్కటే. మార్త రాకపోకలకు అదే నెపం. తీగ పోతే మార్త ఒకసారి వచ్చి చూసి అయ్యో అంటుంది. ఆ తర్వాత గన్నవరం నుంచి ఇక్కడికి, గుణదలకు, రెండు బస్సులు మారి రావడానికి ఆమెకు పనేముంటుంది? మోకాళ్ళ నొప్పులున్న మనిషి.

శుక్రవారం ఆమె వంటింటి కిటికీ రెక్క వేలెడు తెరిచి ఉంచి, అక్కడే పీట వేసుకుని చింతపండు ఈనెలు తీస్తూ కూర్చుంది. శుక్రవారం ప్రత్యూష గుడికి వెళ్తుందని, కొబ్బరికాయ కొట్టించుకుని వస్తుందని ఆమెకు తెలుసు.

గేటు చప్పుడైంది. ప్రత్యూష చేతిలో బుట్టతో వచ్చింది. తన తలుపు దగ్గర ఆగి, వెంకటరావమ్మ వాటా వైపు చూసింది. వీధి వైపు చూసింది. చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, తీగ దగ్గర గొంతుక్కూర్చుంది. బుట్టలోంచి పీచు తీసి, రెండు చేతులా విడదీసి, పాదులో పరవడం మొదలుపెట్టింది. పెదవులు ఏదో అంటున్నాయి.

వెంకటరావమ్మ చింతపండు చేతులతోనే బయటికి వచ్చింది.

"ఏం చదువుతున్నావు?"

ప్రత్యూష ఉలిక్కిపడి లేచింది. చేతిలో కుంకుమ అంటిన పీచు అలాగే ఉంది. "ఏం లేదండీ. పాట."

"పెట్టింది నువ్వేనన్నమాట. ఇన్నాళ్ళూ."

"మామ్మగారూ, చెడు ఏం పెట్టలేదండీ."

"మరి ఏం పెట్టావు? కుంకుమ ఏంటి? పెంకులేంటి? దొంగలా అటూ ఇటూ చూడ్డమేంటి?"

"ఇది గుడి కొబ్బరికాయదండీ. ఎవరూ తొక్కని చోట వెయ్యాలి కదా అని..."

"తొక్కని చోటు నీ వాటాలో లేదా? నేను తీసేస్తుంటే మళ్ళీ మళ్ళీ పెట్టడం ఎందుకు?"

ప్రత్యూష పీచును బుట్టలో పెట్టేసింది. "ఆదివారం మార్తగారు వస్తారు కదండీ. ఆవిడని అడగండి."

"ఆవిడ పేరెత్తకు. ఆవిడ తీగను మాడ్చి ఆవిడ్నే అడగమంటావా? చూడు, పైన చూడు ఒకసారి."

ప్రత్యూష పైకి చూసింది. నల్లబడిన కాడలు చూసి ఆమె కళ్ళు నిండాయి. అది వెంకటరావమ్మకు నటనలాగే కనిపించింది.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యండి," అంది.

రాత్రి భోజనాల వేళకు ప్రత్యూష భర్త ఉమామహేశ్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. కొండపల్లి దగ్గర కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని అతనిది. యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. జేబు దగ్గర బొగ్గు మరక ఉంది.

"మేము ఏం తప్పు చేశామో చెప్పండి మామ్మగారూ. చెబితే దిద్దుకుంటాం."

"మీ ఆవిడని అడుగు."

"అడిగానండీ. చెప్పదు. ఎవరికో మాట ఇచ్చానంటుంది. ఏడుస్తుంది."

"అయితే నన్నేం చెయ్యమంటావు నాయనా?"

"సరేనండీ. కొండపల్లిలో మా సూపర్‌వైజర్ గారి పై గది ఖాళీగా ఉంది. నెలాఖరు దాకా ఎందుకు? ఆదివారం మంచిదన్నారు, వెళ్ళిపోతాం. ఇలా మొహాలు చూసుకోలేక రోజూ..." అని ఆగి, "వస్తానండీ," అని వెళ్ళాడు.

వెంకటరావమ్మ కంచం ముందు కూర్చుంది. కలిపిన ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కుంది. తనది తప్పని కాదు. ఇంట్లోంచి సామాను కదిలే చప్పుడు తనకు పడదు. అంతే.

శనివారం రోజంతా గోడ అవతల అటకల మీద నుంచి గిన్నెలు దిగాయి. మంచం నట్లు ఊడదీశారు. మేకులు పీకారు. వెంకటరావమ్మ రేడియో పెట్టుకుంది.

ఆదివారం ట్రాలీ ఆటో గేటు దగ్గర నిలబడి ఉండగానే మార్త వచ్చింది. తెల్లచీర, చేతిలో గుడిలో ఇచ్చిన లేత ఈత మట్ట. ఆటో డ్రైవరు ఫ్రిజ్‌కు తాడు కడుతుంటే చూసి, "ఎవరు వెళ్తున్నారు?" అంది.

ఉమామహేశ్ నమస్కారం పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. వెంకటరావమ్మ వాకిట్లోకి వచ్చి, "లోపలికి రా మార్తా, ఎండలో..." అంటూనే ఉంది, మార్త అప్పటికే తీగ దగ్గరికి నడిచింది.

పైనుంచి కింది దాకా చూసింది. మట్టను మెట్టు మీద పెట్టి, గ్రిల్లు పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు వంచి నేల మీద కూర్చుంది. పాదు మీద అరచేయి ఆనించి వెంటనే తీసేసింది.

"పెనంలా ఉందే," అంది. "పైన ఏమీ లేదేం?"

"ఏముండాలి?"

"పీచు. దీనికి తల ఎండలో, కాళ్ళు నీడలో ఉండాలి వదినగారూ. నా పుదీనా తొట్లు ఊరికే పెట్టానా దీని చుట్టూ? తొట్లు తీసుకెళ్ళాక నీడ పోతుందని, కొబ్బరి పీచో, పెంకులో కప్పుతూ ఉండమన్నాను ప్రత్యూషకి. చెయ్యలేదా?"

వెంకటరావమ్మ మెట్టు మీద కూర్చుంది.

"ప్రత్యూషకి చెప్పావా? నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఆ రోజు ఎన్నిసార్లు పిలిచాను? ఆటో హారను కొడుతోంది. మీరు వంటింటి తలుపేసుకుని కూర్చున్నారు. ఆ పిల్ల ఇల్లు చూసుకోడానికి వచ్చి అక్కడే నిలబడి ఉంది. ఆ పిల్లకి చెప్పాను."

వెంకటరావమ్మకు ఆ రోజు గుర్తుంది. పప్పు మాడిపోతుందని అబద్ధమాడి తలుపేసుకుంది. పొయ్యి మీద ఏమీ లేదు. ఎవరు వెళ్తున్నా ఆమె గేటు దాకా రాదు. ఎన్నో ఏళ్ళ నుంచీ రాదు.

"తర్వాతైనా ఫోనులో..."

"చెబితే బాధపడతారు. నన్ను నమ్మక అద్దెకొచ్చిన పిల్లకి చెప్పావా అంటారు. అందుకే మామ్మగారికి తెలియనివ్వకమ్మా, ఆవిడ చేత్తో నీళ్ళు పోసుకుంటారు, ఆవిడ తీగే అనుకోనీ అన్నాను. ఒట్టు కూడా వేయించుకున్నా, నవ్వుతూనే." మార్త తల తిప్పి ఆటో వైపు చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "వదినగారూ. వాళ్ళు ఎందుకు వెళ్తున్నారు?"

వెంకటరావమ్మ కొంగు అంచు మడతపెడుతూ ఉండిపోయింది. ఆ మడతలోనే మార్తకు జవాబు దొరికింది.

"కత్తెర తీసుకురండి," అంది.

మార్త నల్లబడిన కాడ మీద గోరుతో గీరింది. గోధుమ రంగు. ఇంకాస్త కింద గీరింది. అక్కడా అదే. మట్టికి జానెడు పైన గీరినప్పుడు సన్నగా, తడిగా, పచ్చటి గీత కనిపించింది. అక్కడికి కత్తెర పెట్టి కత్తిరించింది. ఒక్కొక్క కాడా తెగుతుంటే పైన గ్రిల్లులో చిక్కుకున్న తీగ అంతా ఒక్కసారిగా వదులై మెట్ల మీద వాలింది. వెంకటరావమ్మ చేతులు ముందుకు చాచింది, పట్టుకోబోయినట్టు.

"ఎండకే అయ్యుండాలి. తెగులూ కావచ్చు, చెప్పలేం," అంది మార్త. "మొదలైతే బతికుంది. నీడ ఉంటే లేస్తుందేమో."

అవతల ఆటో స్టార్టయింది. ప్రత్యూష చంకలో తులసి కుండీతో వచ్చి ముందు సీటు దగ్గర నిలబడింది. వెంకటరావమ్మ వైపు చూడలేదు.

వెంకటరావమ్మ లేచింది. లోపలికి వెళ్తుందనుకుంది మార్త. ఆమె గేటు దాటి వీధిలోకి వచ్చింది.

"అమ్మాయ్."

ప్రత్యూష తిరిగింది.

"ఆ పీచు ఎలా పరుస్తావో చూపించి వెళ్ళు."

ఆటో డ్రైవరు ఇంజను ఆపాడు. ప్రత్యూష తులసి కుండీని భర్తకు ఇచ్చి, ఖాళీ వాటాలోకి వెళ్ళి మూలనున్న గోనెసంచి తెచ్చింది. దాన్ని వాళ్ళు తీసుకెళ్ళడం లేదు. సగం దాకా పీచు. ఆమె వచ్చి గొంతుక్కూర్చుంది. వెంకటరావమ్మ పక్కనే కూర్చుంది.

"ముందు బాగా తడపాలండీ. తర్వాత ఇలా విడదీసి... మొదలుకి తగలకూడదు. వేలెడు దూరం వదలాలి, లేకపోతే కుళ్ళుతుందన్నారు మార్తగారు. పైన చిప్ప బోర్లిస్తే గాలికి ఎగరదు."

"ఇలాగా?"

"ఇంకొంచెం ఇటు."

వెంకటరావమ్మ చేత్తోనే సర్దింది. వేళ్ళకు కుంకుమ అంటింది. "సామాను దింపించమను," అంది తల ఎత్తకుండా.

గేటు దగ్గర నుంచి ఉమామహేశ్ అన్నాడు, గొంతులో కోపం లేకుండానే. "అక్కడ పాలు పొంగించడానికి మా అమ్మ వచ్చి కూర్చుందండీ. ముహూర్తం దాటిపోతుంది."

ప్రత్యూష లేచి చేతులు దులుపుకుంది. "నేనైనా చెప్పేయాల్సింది మామ్మగారూ. ఒట్టు వేశానని..."

"నువ్వు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదులే."

ఆటో మలుపు తిరిగేదాకా వెంకటరావమ్మ గేటు దగ్గరే నిలబడింది. వెనక మార్త నిలబడింది. ఆ పూట ఇద్దరూ మజ్జిగ పులుసు పోసుకుని అన్నం తిన్నారు. సాయంత్రం బస్సు దాకా వెంకటరావమ్మ తోడు వెళ్ళింది. ఎప్పుడు వస్తావు అని అడగలేదు. మార్త కూడా చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆమె చీపురుతో వాకిట్లోకి వచ్చింది. చెయ్యి అలవాటుగా పాదు దాకా వెళ్ళి ఆగింది. పీచు అంచు వరకు ఊడ్చి వదిలేసింది. నీళ్ళు పోసి, ఇంట్లో దేవుడికి కొట్టిన కొబ్బరికాయ చిప్ప తెచ్చి రెండోదిగా బోర్లించింది. దానికి పసుపు, కుంకుమ ఉన్నాయి.

బుధవారం నాడు గంజిలో ముంచిన చీరలు రెండు ఇంకా లాగకుండా ఉన్నాయి. వాటి మీద నీళ్ళు చిలకరించి మెత్తబడ్డాక ఒకటి భుజాన వేసుకుని వచ్చింది. సంపూర్ణమ్మ పాల ప్యాకెట్లతో వస్తోంది. గేటు దగ్గర ఆగి, పాదు వైపు చూసింది.

"అయ్యో, మళ్ళీ పెట్టారేంటి పిన్నిగారూ? ఖాళీ చేసి వెళ్ళారుగా?"

"నేనే పెట్టాను."

సంపూర్ణమ్మ నవ్వబోయి ఆపింది. కుంకుమ చిప్ప వైపు, మెట్ల మీద కుప్పగా పడి ఉన్న ఎండు తీగ వైపు, తాళం వేసిన పక్క వాటా వైపు, చివరికి వెంకటరావమ్మ వేళ్ళ వైపు చూసింది.

"మీరా?"

"నేనే. కాస్త లోపలికి రా, ఈ చీర కొస పట్టుకుందువుగాని."

"అమ్మో, పొయ్యి మీద పాలున్నాయండీ," అంది సంపూర్ణమ్మ. పాల ప్యాకెట్లు ఆమె చేతిలోనే ఉన్నాయి. కొంగు దగ్గరికి లాక్కుని, వీధికి అవతలి అంచున నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

వెంకటరావమ్మ ఆమె గుమ్మం ఎక్కేదాకా చూసింది. తర్వాత చీర కొసను మెట్ల గ్రిల్లుకు, తీగ ఉండిన చోట, ముడివేసింది. రెండో కొస రెండు చేతులా పట్టుకుని, వెనక్కి నడిచి, పాదు తొక్కకుండా చూసుకుని, లాగింది.